పాలుకిచ్చిన గొర్రె

పొద్దున్నే దొడ్డి తడిక తీస్తూ కిష్టప్ప పెళ్లాంతో ఆ మాట అన్నాడు. బావమరిది సంగతి సోమవారం కులపెద్దల ముందు పెడతాడట, కబురు కూడా పంపేశాడట. బుగ్గమ్మ చేతిలోని జొన్నరొట్టె పెనం తప్పి పొయ్యిలో పడింది.

మూడేళ్లుగా ఆ ఇంట్లో ఇదే రభస. బుగ్గమ్మ తమ్ముడు జంగప్ప వికారాబాద్ స్టేషను దగ్గర రేడియోలు బాగుచేస్తాడు. కరెంటు లేని ఊళ్లలో ఒక్క బ్యాటరీతో రేడియో రెండింతల కాలం పాడేలా చిన్న ఏర్పాటు ఒకటి కనిపెట్టాడు. దానికి పేటెంటు తీసుకునేందుకు బుగ్గమ్మ సగం మంద అమ్మి డబ్బిచ్చింది. గొర్రెను సగం పాలుకు మేపనిచ్చినట్టే, వచ్చేదాంట్లో సగం వాటా ఆమెదే. హైదరాబాదు కంపెనీ ఒకటి ఆ ఏర్పాటు వాడుకుంటూ, అమ్మిన ప్రతి రేడియో మీదా రాయల్టీ ఇస్తానని ఒప్పుకుంది. ఆ రేడియోలు తాండూరు బజారంతా గొంతు చించుకుంటున్నాయి. రాయల్టీ మాత్రం నోరు విప్పలేదు. ఒక్క నయాపైస రాలేదు.

ఎప్పుడడిగినా జంగప్ప వచ్చే నెల అంటాడు. వకీలుతో నోటీసు ఇప్పించరా అంటే నేలచూపులు చూస్తాడు. డబ్బు వస్తూనే ఉంది, మింగేది బావమరిదే అని కిష్టప్ప తేల్చేశాడు. మొదట్లో బుగ్గమ్మ మొగుడితో కొట్లాడేది. ఈమధ్య కొట్లాడటం మానేసింది. తన తమ్ముణ్ని తానే నమ్మడం లేదేమోనని ఆమెకు భయం పట్టుకుంది.

పెద్దలు కూర్చుంటే జంగప్ప కులదేవుడు బీరప్ప ముందు పసుపు ముట్టి ప్రమాణం చేయాలి. దొంగని తేలితే కులంలో ఎవరూ గడప తొక్కనివ్వరు. తల్లి పోయిన నాటి నుంచి చంకనేసుకుని పెంచిన తమ్ముడు వాడు. మంద పోతే మళ్లీ పెరుగుతుంది, తమ్ముడు పోతే ఎక్కడ తెచ్చుకుంటుంది? రొట్టెలు గంపకింద పెట్టి, ఎవరికీ చెప్పకుండా వికారాబాద్ రైలెక్కింది. దారి పొడవునా తమ్ముడి కొట్టు మూసి ఉంటే బాగుండునని కోరుకుంది.

కొట్టు తెరిచే ఉంది. అక్కను చూసి జంగప్ప ముక్కాలిపీట తుడిచి వేశాడు, చాయ్ తెప్పించాడు. బుగ్గమ్మ కూర్చోలేదు.

“పాలుకిచ్చిన గొర్రె ఈనితే పిల్లల్ని పంచాలె. చస్తే దాని చెవి తెచ్చి సూపాలె. మన నాయిన బతికినన్ని దినాలు గట్లనే చేసిండు. నా గొర్రె ఈనిందా, చచ్చిందా? చెప్పు.”

జంగప్ప లేచి, వీధివైపు ఒకసారి చూసి, కొట్టు తలుపు దగ్గరికి వేశాడు. తప్పు చేయనివాడు పట్టపగలు తలుపెందుకు మూస్తాడు?

“జర మెల్లగ మాట్లాడక్కా. నోటీసిస్తే పేటెంటే పోతది,” అన్నాడు.

తర్వాత గొంతు తగ్గించి అంతా చెప్పాడు. కొత్తగా కనిపెట్టిన వస్తువును దరఖాస్తు పెట్టకముందే నలుగురిలో పెట్టి చూపితే పేటెంటు చెల్లదట. ఒప్పందం అయ్యాక కంపెనీకి ఆ ఆయువుపట్టు దొరికిందట. కోర్టుకెళ్తే బీరప్ప పండుగలో ఆ రేడియో విన్నవాళ్లందరినీ సాక్షులుగా పిలుస్తామని వాళ్ల ఏజెంటు నవ్వుతూ చెప్పాడట. పేటెంటు కాగితం బతికి ఉంటే ఇంకో కంపెనీ ఆ ఏర్పాటు జోలికి రాదు గనక, పైకి వాళ్లూ ఏమీ అనరట. అడగకుండా పడి ఉంటే ఎప్పటికైనా ఎంతో కొంత విదిలిస్తారని జంగప్ప ఆశ.

బుగ్గమ్మ పీట మీద కూలబడింది. ఆ పండుగ ఆమెకు బాగా గుర్తుంది. దరఖాస్తు పోయేదాకా ఆగుదామని జంగప్ప ఎంత చెప్పినా వినకుండా, మా తమ్ముని తెలివి మావాళ్లంతా చూడాలని పట్టుబట్టి ఆ రేడియోను గుడి ముందు పందిట్లో పెట్టించింది తనే. నాపరాళ్ల బేరానికి వచ్చానన్న హైదరాబాదు మనిషి ఒకడు దాన్ని తిప్పి తిప్పి చూస్తుంటే, పిలిచి విస్తరేసి, మంచి ముక్కలు ఏరి వడ్డించిందీ తనే.

“కంపెనోళ్లకు చెప్పింది గా బండల బేరగాడేనా?” అంది. జంగప్ప తలూపాడు.

“మూడేండ్ల సంది తిడుతున్న గదరా. ఒక్కనాడన్న చెప్పకపోతివి.”

“చెప్తే నీ వల్లనే పోయిందని బతుకంత ఏడుస్తవ్. నన్ను తిడితే పొద్దుగూకేసరికి మర్సిపోతవ్.”

బుగ్గమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు వస్తోంది గాని, దాన్ని మించి భయం వస్తోంది. సోమవారం పసుపు ముట్టాక వీడు అబద్ధమాడడు. కులం నడుమ ఒక్కసారి నిజం చెప్పాడంటే అది కంపెనీ దాకా పోతుంది, ఆ కాస్త ఆశా బుగ్గిపాలు. చెప్పనన్నాడా, దొంగ అవుతాడు.

అంతలో తలుపు చప్పుడైంది. తెరిస్తే కిష్టప్ప, భుజాన గొంగడి, చేతిలో కర్ర. ఇంట్లో పెళ్లాం కనబడకపోయేసరికి తర్వాతి బండికే వచ్చేశాడు. బావమరిది వైపు చూడనైనా చూడకుండా భార్యనే అడిగాడు.

“ఏమన్నడు?”

బుగ్గమ్మ లేచి ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడింది.

“చెవి సూపిండు,” అంది.

చెవి చూపాక మళ్లీ అడగడం గొర్రెలు కాసే ఇళ్లలో లేదు. కాసినవాడి తప్పు లేదనే దానర్థం. సగం మంద పోయిందన్న మాట కిష్టప్ప లోపలికి దిగడానికి కొంత సమయం పట్టింది. కర్రను గోడకు ఆనించాడు.

“ఏం రోగమొచ్చె?”

“దిష్టి తగిలింది,” అంది బుగ్గమ్మ. “నాదే.”

అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది. చిన్నప్పుడు తను వాణ్ని పట్టుకున్నట్టే, ఇప్పుడు జంగప్ప ఆమెను పట్టుకున్నాడు. కిష్టప్పకు సంగతి పూర్తిగా అర్థం కాలేదు, అయినా అడగలేదు. గొంగడి పరుచుకుని కూర్చున్నాడు. చల్లారిపోతున్న చాయ్ గ్లాసును బావమరిది వైపు జరిపి, పోతూ పోతూ పెద్దలకు వద్దని చెప్పి పోతానన్నాడు.