అడిగితే కాదనకూడదు

తాబేతాకు అన్నిటికన్నా భయం ఒక్కటే. ఆసుపత్రిలో ఆక్సిజన్ మిషన్ హోరు ఆగిపోవడం. ఎనిమిది నెలల కూతురు మేరే ఊపిరి ఆ హోరు మీదే నిలబడి ఉంది. ఆ మిషన్ నడిచేది సోలార్ గ్రిడ్ మీద. ఆ గ్రిడ్‌నే ఈ రోజు కాల్చేస్తారట!

పొద్దున్నే కిరిబాస్ దేశపు తరావా చేపల సంతలో బ్రీఫింగ్. ట్యూనా ముక్కలు కోస్తున్న ముసలి బౌరో నిజానికి దీవుల కూటమి సీక్రెట్ సర్వీస్ చీఫ్.

"కల్లు దించారా, పెద్దయ్యా?" కోడ్ వర్డ్ చెప్పింది తాబేతా.

"ఇంకా గీత పెట్టలేదు." బౌరో కత్తి ఆగలేదు. "పన్నెండింటికి మనేబా సభామండపంలో నాలుగు దేశాలు సంతకం పెడతాయి. అందరికీ ఒకే రకం సోలార్, ఒకే ట్రైనింగ్ స్కూలు. డీజిల్ అమ్ముకునే విదేశీ ముఠాకి అది గిట్టదు. ఆ టైముకి గ్రిడ్ తగలబడిందా, ఇంకో ఇరవై ఏళ్లు వాళ్ల డీజిలే మనకి గతి. గ్రిడ్ కంట్రోల్ కార్డు భద్రమేనా?"

"మెళ్లోనే ఉంది. పాప ఆసుపత్రిలో... నేను అక్కడుండాలి పెద్దయ్యా."

"కార్డు కాపాడితే పాపని కాపాడినట్టే. పో అమ్మా."

ఎనిమిదో క్లాసు దాటని తాబేతాను గ్రిడ్ కాపలా ఏజెంట్‌ని చేసింది, ప్రయోగంగా ఇప్పటికే నడుస్తున్న ఆ సోలార్ స్కూలే. నాలుగు దేశాల ఆడవాళ్లు, నాలుగు భాషలు. అందుకని పాఠమంతా రంగుల్లో చెప్పారు. ఎరుపు చంపుతుంది, ఆకుపచ్చ బతికిస్తుంది. ఆమె చదువు అంతే.

మనేబా గుమ్మంలో రోరెటి ఎదురైంది. పెద్దమ్మ కూతురు, కూటమి సువా ఆఫీసులో సీనియర్ ఏజెంట్. నల్ల కళ్లద్దాలు, ఎర్రటి పెదవులు, పక్క దీవి దాకా కొట్టే సెంటు.

"ఏమిటే ఆ మొహం, ఎండుచేపలా?"

"పాపకి బాలేదక్కా."

"అయ్యో! అయితే ఆ కార్డు నాకిచ్చెయ్. నేను చూసుకుంటాలే. బుబుసి."

అయినవాళ్లు బుబుసి అని అడిగాక కాదనడం కిరిబాస్‌లో లేదు. కాదంటే వంశానికే తలవంపు. పైగా అక్క మన మనిషే కదా. తాబేతా కార్డు తీసి ఇచ్చేసింది.

పదకొండూ యాభై ఎనిమిది. వందమంది చాపల మీద ఎవరి వంశం వాసం కింద వాళ్లు కూర్చున్నారు. పెద్దాయన ఉపన్యాసం సాగుతోంది. ఆయన ముగించేదాకా ఎవరూ లేవకూడదు. తాబేతా ఫోన్ వణికింది. పొద్దున తను సంత దాటాక బౌరో పంపిన మెసేజ్ ఇప్పుడొచ్చింది. ఆ దీవిలో సిగ్నల్ సంగతి అంతే.

"రోరెటి డబుల్ ఏజెంట్. కార్డు ఇవ్వకు."

తాబేతా చెయ్యి ఖాళీ మెడ మీదికి వెళ్లింది. ఎదుటి వరసలో రోరెటి ఆ కార్డు దూర్చిన ఫోన్ ఒళ్లో పెట్టుకుని నవ్వుతోంది. మూడు స్తంభాల అవతల బౌరో నిస్సహాయంగా చూస్తున్నాడు. ఆయనా లేవకూడదు మరి.

రోరెటి బొటనవేలు కదిలింది. పైన ఫ్యాన్లు నెమ్మదించాయి. ఆగాయి. ఆమె ఫోన్ తెర మీద పెద్ద అంకెలు మొదలయ్యాయి. పది. తొమ్మిది. సున్నాకి వస్తే గ్రిడ్ బ్యాటరీలు బూడిదే.

పెద్దాయన గుటకేయడానికి కొబ్బరిబోండాం అందుకున్నాడు.

"అక్కా!" గొంతు పగిలినట్టు అరిచింది తాబేతా. "ఆ ఫోన్ నాకియ్యి. బుబుసి!"

మనేబా మొత్తం రోరెటి వైపు తిరిగింది. ఏడు.

"ఇంటికెళ్లాక ఇస్తాలేవే, పిచ్చిదానా."

"చెల్లెలు అడిగింది కదమ్మా," అన్నాడు పెద్దాయన. "అమ్మ పేరు నిలబెట్టు."

రోరెటి పదిహేనేళ్లు విదేశీ హోటళ్లలో నాలుగు పాస్‌పోర్టులతో తిరిగిన మనిషి. అయినా ఆ చూపుల ముందు కాదనలేకపోయింది. ఫోన్ చేతులు మారింది. నాలుగు. తెర మీది ఇంగ్లీషు తాబేతాకు అక్షరం అర్థం కాలేదు. రెండు. ఎరుపు. ఆకుపచ్చ.

ఆకుపచ్చ నొక్కింది.

ఫ్యాన్లు మూలిగి తిరిగాయి. కూర్చున్నచోటే సంతకాలైపోయాయి. రోరెటి పక్కన ఇద్దరు పోలీసులు మర్యాదగా మఠం వేసుకు కూర్చున్నారు. ఉపన్యాసం అయ్యాకే అరెస్టు.

కానీ ఆ ఆక్సిజన్ మిషన్ కరెంటు పోయి వస్తే తనంతట తాను తిరగదు. బటన్ నొక్కాలి. నర్సు ఇక్కడే, స్వాగత నృత్యం వరసలో కూర్చుని ఉంది. మంచం పక్కనున్న నాయనమ్మకి కునుకు జాస్తి. మళ్లీ ఉపన్యాసం అందుకున్న పెద్దాయన ఇప్పుడే తన ముత్తాత పడవ దగ్గరికొచ్చాడు. ఇంకా ఆరు తరాలున్నాయి.

అది ముగిసేదాకా తాబేతా లేవడానికి లేదు. ఇది చదువుతున్న మీకు ఆ అడ్డు లేదు. కాస్త ఆసుపత్రికెళ్లి, కిటికీ పక్క మూడో మంచం మీద మేరేని చూడండి. హోరు వినపడకపోతే ఆకుపచ్చ బటన్ నొక్కండి.

బుబుసి.