నలభై ఒక్కరూ ఇళ్లకు చేరారు

"గంగన్నమెట్టలో ప్రతి ఎకరానికీ కాలువ నీళ్లు అందుతున్నాయి, అధ్యక్షా" అన్నాడు వ్యవసాయ మంత్రి.

స్పీకర్ బల్ల మీది చిన్న దీపం ఒక్క క్షణం ఎర్రగా వెలిగి, వెంటనే పచ్చగా మారింది. అధికార పక్షం వాళ్లు బల్లలు చరిచారు. అధికారుల గ్యాలరీలో కూర్చున్న సెక్షన్ ఆఫీసర్ భూషణం ఆ దీపం వంకే చూశాడు. ఆ జవాబు రాసింది తనే. గంగన్నమెట్ట తన సొంతూరు. ఆ కాలువలో చివరిసారి నీళ్లు చూసినప్పుడు అతను నిక్కర్లు వేసుకునేవాడు.

ఎర్రగా వెలిగిన దీపం పచ్చగా ఎందుకు మారింది? సభ ముగియగానే ఆ మాటే అడగడానికి కింది అంతస్తులో ఉన్న డాక్టర్ నీలోఫర్ దగ్గరికి వెళ్లాడు.

ఆ దీపం వెనక ఉన్న యంత్రం పేరు 'సమన్వయ'. దాన్ని తయారుచేసింది ఆమే. మంత్రి నోట మాట వెలువడిన మరుక్షణం అది రాష్ట్రంలోని ప్రతి ప్రభుత్వ రికార్డునూ చదువుతుంది. మాటకీ రికార్డుకీ పొంతన కుదిరితే పచ్చ దీపం, కుదరకపోతే ఎర్ర దీపం. మొదటి నెలంతా అది ఎర్రగానే వెలిగింది. ఇద్దరు మంత్రుల పదవులు ఊడాయి. దాంతో పైనుంచి హుకుం వచ్చింది: ఇకమీదట ఎర్ర దీపం వెలగకూడదు.

"పొంతన కుదరాలంటే రెండే దారులండీ" అంది నీలోఫర్. "మాట మార్చాలి, లేదంటే రికార్డు మార్చాలి. ఈ రెండింట్లో ఏది మార్చకూడదని మీ సెక్షన్‌ని అడిగాను. మీరేం చెప్పారో గుర్తుందా?"

భూషణానికి గుర్తుంది. ఇరవై ఏడేళ్ల సర్వీసు అతని చేత ఆ మాట చెప్పించింది. సభలో మంత్రిగారు అన్న మాటని స్పీకర్ అనుమతి లేకుండా ఎవరూ ముట్టుకోకూడదు.

"అందుకని అది రికార్డుల్ని ముట్టుకుంటోంది" అందామె.

నిన్న పట్టణ ప్రణాళికా మంత్రి కొత్త రోడ్డు కింద శ్మశానాలేవీ పోవడం లేదన్నాడు. సాయంత్రానికల్లా మాస్టర్ ప్లాన్‌లోంచి శ్మశానం మాయమైంది, పాపం చచ్చినవాళ్లు మాత్రం అక్కడే ఉన్నారు. ఇవాళ కాలువ నీళ్లు పారాయి కాబట్టి రేపటి నుంచి కరువు సాయం ఉండదు.

"ఆపలేరా అమ్మా?"

"ఆపమని ఉత్తరం రాశాను. రాయలేదని రికార్డులో ఉంది."

భూషణం తన సెక్షన్‌కి తిరిగొచ్చాడు. తన బల్ల మీద మర్నాటి ప్రశ్న ఉంది. (అ) గంగన్నమెట్ట నుంచి నలభై ఒక్కమంది రిజర్వు సైనికుల్ని సరిహద్దుకి పిలిచిన మాట నిజమేనా? (ఆ) అయితే వారిలో ఎంతమంది ఇళ్లకు చేరారు?

యుద్ధం వచ్చాక ప్రతి రాష్ట్రానికీ ఓ రిజర్వు సైన్యాన్నీ, దానికో రక్షణ మంత్రినీ పెట్టారు. ఆ నలభై ఒక్కరిలో భూషణం చెల్లెలు సుభాషిణి మొగుడు దానయ్య ఒకడు. ఆరు నెలలుగా అందరూ అవతలివాళ్ల చేతిలో బందీలు. శుక్రవారం వంతెన మీద బందీల అప్పగింత. మనవాళ్లు రికార్డు చూసి పేరు పిలిస్తేనే అవతలివాళ్లు మనిషిని వదులుతారు. "సభలో అడిగిస్తే సర్కారు కదులుతుందే, మన ఎమ్మెల్యే చేత ప్రశ్న వేయించు" అని చెల్లెలికి సలహా ఇచ్చింది కూడా భూషణమే.

రక్షణ మంత్రి కార్యదర్శి ఫోన్ చేశాడు. "ఎప్పట్లాగే కానివ్వండి. (అ) లేదు సార్. (ఆ) ప్రశ్న తలెత్తదు."

ఎన్ని వేలసార్లు రాశాడో ఆ రెండు ముక్కలూ. మొదటిదానికి లేదంటే చాలు, ఇక తక్కినవాటికి జవాబే అక్కర్లేదు. కానీ ఈసారి లేదంటే దానయ్య సైన్యంలోకి పోనేలేదు. వంతెన మీద అతని పేరు పిలిచేవాడుండడు.

"సార్, పిలిపించామని పేపర్లలో వచ్చేసింది. అవును అంటేనే బావుంటుందేమో" అన్నాడు భూషణం.

"అవునంటే మరి ఎక్కడున్నారని అడగరా? మంత్రిగారు ఏం చెప్పాలి? మంచి మాటతో ముగిసేటట్లయితే రాయండి, లేకపోతే వద్దు."

భూషణం గంటసేపు ఆలోచించాడు. పేర్లు రికార్డులో నిలబడితే చాలు, తక్కినది తర్వాత చూసుకోవచ్చు. సభ మెచ్చే మాట రాయడం తనకి వెన్నతో పెట్టిన విద్య. (అ) అవును సార్. (ఆ) నలభై ఒక్కరూ క్షేమంగా ఇళ్లకు చేరారు.

మర్నాడు మంత్రి అలవాటుగా తలెత్తకుండా చదివేశాడు. దీపం ఎర్రగా వెలిగి, పచ్చగా మారింది. నలభై ఒక్క పేర్లూ భద్రంగా ఉన్నాయి. భూషణం చాలాకాలం తర్వాత కడుపునిండా తిన్నాడు. చెల్లెలికి ఫోన్ చేసి, "నేనే రాశానే జవాబు, నిశ్చింతగా ఉండు" అన్నాడు కూడా. మూర్ఖుడు.

శుక్రవారం అవతలివాళ్లు నలభై ఒక్కమందినీ వంతెన మధ్యదాకా తెచ్చి నిలబెట్టారు. మన అధికారి ట్యాబ్ చూశాడు. అందులో అందరి పేర్లూ ఉన్నాయి, ప్రతి పేరు పక్కనా 'ఇంటికి చేరారు' అని ఉంది.

"మావాళ్లంతా ఇళ్లలోనే ఉన్నారు. వీళ్లెవరో మాకు తెలియదు" అన్నాడు.

దానయ్య తన పేరు తనే గట్టిగా అరిచాడట. అప్పటికే వెనక్కి నడిపించేస్తున్నారు.

సోమవారం పొద్దున సుభాషిణి సచివాలయానికి వచ్చింది. ఏడవలేదు, కేకలు వేయలేదు. చేతిసంచీలోంచి బియ్యం మూట తీసి అన్న బల్ల మీద, ఫైళ్ల మధ్య పెట్టింది.

"ఏంటమ్మా ఇది?"

"మీ బావ వంతు రేషను. ఇంట్లో మనిషి పెరిగాడట, డీలరు పిలిచి మరీ ఇచ్చాడు. వేలిముద్ర కూడా అడగలేదు."

"సుభా, నేను పేరు నిలబెడదామనే..."

"పేరు నిలబెట్టావన్నయ్యా, కాదన్లేదు." మూట అతనివైపు జరిపింది. "ఆయన ఇల్లు చేరాడని రాసింది నువ్వే కదా. ఎక్కడున్నాడో నీకే తెలిసుండాలి. వండి పెట్టు."

ఆమె వెనక్కి చూడకుండా మెట్లు దిగింది. పక్క సీటు గుమాస్తా కొత్త ప్రశ్న తెచ్చి మూట పక్కన పెట్టాడు. వంతెన మీద నుంచి కొందర్ని వెనక్కి పంపేసిన మాట నిజమేనా, అయితే వారెవరు అని ఎవరో సభ్యుడు అడిగాడు. ఈసారి భూషణం కలం తీయనక్కర్లేకపోయింది. అతని ఇరవై ఏడేళ్ల జవాబులన్నీ చదువుకున్న యంత్రం ఆ ప్రశ్న కింద తనే జవాబు రాసి పెట్టింది, అచ్చం అతను రాసినట్టే.

(అ) లేదు సార్. (ఆ) ప్రశ్న తలెత్తదు.

సంతకం పెట్టాల్సిన చోటు మాత్రం అతని కోసం ఖాళీగా ఉంచింది.