సందెవేళ ఉగాది పచ్చడి

నూజివీడులో వీరరాఘవయ్య ఇంట్లో ఉగాది పచ్చడి మొదట రుచి చూసేది కూతురు సుష్మే. ఆయన మామిడికాయల వ్యాపారి. ఏటా పరగడుపున చెంచాడు పచ్చడి కూతురి నోట్లో పెట్టి, "పులుపెలా ఉందే?" అని అడిగి, ఆ తర్వాతే తోటల బేరం మొదలుపెడతాడు. పంచాంగం మీదకంటే కూతురి నాలుక మీదే ఆయనకు గురి.

ఈ ఏడూ తలంటుకుని, కొత్త పంచె కట్టుకుని గిన్నె పట్టుకొచ్చాడు. సుష్మ నోరు తెరవలేదు.

"తర్వాత తింటాను నాన్నా."

"తర్వాతేంటి? ఆగిరిపల్లి తోటవాళ్లు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారు. నువ్వు నోరు తెరిస్తేగానీ నేను తెరవను."

"కడుపులో బాగోలేదు."

"నెల్లాళ్లుగా ఇదే మాట! టిఫిన్ తినవు, స్కూలుకి బాక్స్ పట్టుకెళ్లవు. డాక్టర్ దగ్గరికి పదవే అంటే నా క్లాసు పిల్లలకి పరీక్షలంటావు." ఆయన కూతురి నుదుటి మీద చెయ్యేసి చూశాడు. "నిజం చెప్పమ్మా. ఏం జబ్బు? మా దగ్గర దాస్తున్నావా?"

కోప్పడితే సుష్మ ఇంకో అబద్ధం ఆడేదే. కానీ అలా బెంగపడుతున్న తండ్రి ముందు ఆడలేకపోయింది.

"జబ్బు కాదు నాన్నా. రంజాన్ ఉపవాసం."

వీరరాఘవయ్య చెంచా గిన్నెలో పెట్టేశాడు. "ఎవరబ్బాయి?"

"ఎవరూ లేరు. రెండేళ్లు చదివాను, ఆలోచించాను, నమ్మాను. నిరుడే కల్మా చదివి ముస్లింనయ్యాను. ఎవరి బలవంతమూ లేదు నాన్నా."

"అయితే ఇక మేం నీకేమీ కామా?"

"మీరు ఈ మాట అంటారనే చెప్పలేదు."

ఆయన పండగ పూటా ఏమీ తినకుండా షాపుకెళ్లిపోయాడు. వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్న తల్లి రేవతి, "ఎండ ముదురుతోంది, కాసేపు పడుకో," అని మాత్రం అంది. సుష్మ పడుకుందేగానీ నిద్ర పట్టలేదు. సాయంత్రానికి ఈ ఇల్లు తనదిగా మిగులుతుందో లేదో తెలియక దుప్పటి తడిసేదాకా ఏడ్చింది.

పొద్దు వాలుతుండగా రేవతి పిలిచింది. టేబుల్ మీద ఖర్జూరాలు, మంచినీళ్లు, మూతపెట్టిన చిన్న గిన్నె.

"నీ పచ్చడి. దేవుడికి నైవేద్యం పెట్టకముందే తీసి పక్కన పెట్టా. పెట్టాక నువ్వు తినవు కదా?"

"నీకెలా తెలుసమ్మా?"

"బ్లౌజులు కుట్టే మస్తాన్‌బీని అడిగా. నీ పేరు చెప్పలేదులే."

"నా ఉపవాసం సంగతి?"

"తెల్లారకముందే వంటింట్లో లైటు వెలిగితే తెలీదా? రోజూ పెరుగన్నం గిన్నె చేతికందేలా పెట్టిందెవరనుకున్నావు, ఫ్రిజ్జా?"

నైవేద్యం కాకముందు వంటలో వేలు కూడా పెట్టనివ్వని మనిషి అమ్మ. ఆ అమ్మ తనకోసం నియమం తప్పింది. సుష్మ తల్లి భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది.

గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. వీరరాఘవయ్య వచ్చి కూతురి ఎదురుగా కూర్చున్నాడు.

"పొద్దున్నుంచి ఏమీ తినలేదా?"

"నీళ్లు కూడా తాగలేదు."

"మరైతే ఇంకా పరగడుపే కదా."

సుష్మ తలెత్తి చూసింది. దూరంగా మసీదు నుంచి అజాన్ వినిపించింది.

"ముందు నీ ఖర్జూరం తిను," అన్నాడాయన. "నా కోపం పోలేదు. నీతో మాట్లాడాల్సింది చాలా ఉంది. అది రేపు."

సుష్మ ఖర్జూరం తిని, నీళ్లు తాగింది. ఆయన గిన్నె మూత తీసి, చెంచాడు పచ్చడి కూతురి నోటికి అందించాడు. వేపపువ్వు చేదు, బెల్లం తీపి, కొత్త మామిడి పులుపు. ఇంత రుచిగా ఏదీ ఈ నెల్లాళ్లలో తినలేదనిపించింది సుష్మకి.

"పులుపెలా ఉందే?"

"చాలా బాగుంది నాన్నా."

వీరరాఘవయ్య కండువాతో కళ్లు తుడుచుకుని ఫోన్ తీశాడు.

"ఏమనుకోకండి, ఆలస్యమైంది. మా అమ్మాయి ఇప్పుడే పచ్చడి తింది. రేపు తోటకొస్తున్నాను."