ఏ రంధ్రంలోనూ పట్టని బోల్టు

కారు ముందు సగమే కాలింది. స్టీరింగ్ వెనక కూర్చున్న మనిషి మాత్రం మిగల్లేదు.

ఉదయం పదకొండూ ఇరవై. కొండ దిగే రోడ్డు, రెండో మలుపు. కాలిన చెయ్యి ఇంకా డోర్ హ్యాండిల్‌ను పట్టుకునే ఉంది.

చనిపోయినామె మంచాల ఫ్యాక్టరీ యజమానురాలు. తమ్ముడితో కలిసి దాన్ని నడిపేది.

సాయంత్రానికల్లా పోలీసులు మెకానిక్‌ను లోపలేశారు. ఆ కారుకు ఆయిల్ లీకని మూడుసార్లు రిపేరు చేసింది అతనే. కారిన ఆయిల్ వేడి ఎగ్జాస్ట్ పైపు మీద పడి అంటుకుందని ఫోరెన్సిక్ వాళ్లు తేల్చారు. పైగా ఇంజన్ కింది రేకులో ఒక విడి బోల్టు దొరికింది. బిగించడం మరిచాడన్నారు. అది తనది కాదని మెకానిక్ మొత్తుకున్నా వినిపించుకున్నవాళ్లు లేరు. జైలు ఖాయమని స్టేషన్లో అందరూ అనుకున్నారు.

లేడీ ఇన్‌స్పెక్టర్ మాత్రం ఆ బోల్టును చాలాసేపు చూసింది.

మర్నాడు ఉదయం కాలిన కారును మెకానిక్ షెడ్డుకు తెప్పించింది. చనిపోయినామె భర్తనూ, తమ్ముణ్నీ పిలిపించింది. మెకానిక్ బేడీలు తీయించి బోల్టు చేతికిచ్చింది. ఇంజన్లో ఇది పట్టే చోటు చూపించమంది.

అతను ఒక్కో రంధ్రం వెతికాడు. అన్ని బోల్టులూ వాటి చోట్లలోనే ఉన్నాయి. ఇది దేన్లోనూ పట్టలేదు.

"మొదటిసారి లీకు ఎక్కడ?" అడిగింది ఇన్‌స్పెక్టర్.

"పైన, టాపెట్ కవర్ దగ్గర మేడమ్. ప్యాకింగ్ మార్చాను."

"రెండోసారి?"

"కింద, ఆయిల్ నిలిచే చాంబర్ దగ్గర."

"మూడోసారి?"

"వెనక, క్రాంక్ సీలు."

"నువ్వు బాగుచేసిన చోట మళ్లీ కారిందా?"

మెకానిక్ ఆలోచించాడు. "లేదు. ఒకచోట కడితే ఇంకోచోట తన్నుకొచ్చేది."

"విజిల్ మూసుకుపోయిన కుక్కర్‌లా." ఆమె బోల్టును వెలుగులోకి తిప్పింది. నడుం చుట్టూ నల్లగా ఏదో కరిగి అంటుకుని ఉంది. "ఇది రబ్బరు. ఇంజన్ మీద బోల్టు దూరేటంత రబ్బరు గొట్టం ఏది?"

మెకానిక్ కాలిన ఇంజన్ వైపు తిరిగాడు. "బ్రీదర్ పైపు. ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే దారి అదొక్కటే."

ఆ దారికి ఎవరో బిరడా కొట్టారు. లోపలి ఒత్తిడి ఆయిల్‌ను సందు దొరికిన చోటల్లా నెట్టింది. మంటల్లో పైపు కాలిపోయింది. బిరడా కింద పడింది.



"వెడల్పు తల, మధ్యలో ఆరుపలకల గుంట," అంది ఇన్‌స్పెక్టర్. "మంచం కాళ్లు బిగించే బోల్టు. అవునా?" చూపు తమ్ముడి మీద ఆగింది.

"మా దగ్గర అరవైమంది పనిచేస్తారు మేడమ్," అన్నాడు తమ్ముడు. "ఎవడైనా జేబులో వేసుకుపోవచ్చు."

కారును రిపేరుకు తెచ్చిందెవరని ఆమె మెకానిక్‌ను అడిగింది. మూడుసార్లూ తమ్ముడుగారేనని చెప్పాడు. వచ్చిన ప్రతిసారీ ఇంజన్ తళతళలాడేదట. కడిగితే ఆయిల్ జాడ తెలియదు, కడగొద్దని మెకానిక్ బతిమాలాడట. ఆయన వింటేగా.

"మొదటిసారే బ్రీదర్ పైపును బిగించే క్లిప్పు కొత్తది కనబడింది," అన్నాడు మెకానిక్. "అడిగితే కడిగేటప్పుడు పాతది విరిగిందనీ, తనే మార్చాననీ అన్నారు."

అప్పటిదాకా నేల చూపులు చూస్తున్న భర్త తలెత్తాడు.

"ఇంజన్ కడిగావా బావమరిదీ? తిన్న కంచం ఏనాడైనా కడిగావురా నువ్వు?"



భర్తే మిగతాది చెప్పాడు. ఫ్యాక్టరీలో ప్రెస్సు మెషిను కింద ఒక కూలీ చనిపోయాడు. ఆ మెషినుకు మనిషి చెయ్యి పడకుండా అడ్డుండే గార్డు తీయించిందెవరో ఎంక్వైరీలో చెప్పేస్తానని ఆమె ఇంట్లో అంది. తమ్ముడి ముందే అంది. వచ్చే సోమవారమే ఎంక్వైరీ.

"చెప్పొద్దని కాళ్లు పట్టుకున్నాను," అన్నాడు తమ్ముడు చివరికి, మెల్లగా. "చిన్నప్పటి నుంచీ అక్కది ఒకటే మాట."

కానిస్టేబుళ్లు అతన్ని జీపెక్కించారు.

నువ్వు వెళ్లొచ్చని ఇన్‌స్పెక్టర్ మెకానిక్‌తో చెప్పింది. కేసులో ఇక నీ పేరుండదంది. అతను కదల్లేదు. కాలిన ఇంజన్ మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"మూడుసార్లు ఆ పైపు ఊడదీసింది నేనే మేడమ్. చేతికి బరువుగా తగిలింది కూడా. ఆయిల్ తాగి బరువెక్కిందనుకున్నా. ఒక్కసారి నోటితో ఊది చూస్తే ఆవిడ బతికేది."



షెడ్డు బయట ఎవరో కారు ఆపి హారన్ కొట్టారు. మళ్లీ కొట్టారు. మెకానిక్ అటు చూడలేదు.