రందికి బిళ్ళ లేదు

"బిళ్ళలు ఇయ్యను మేడం."

ఆ మాట అన్నవాడు ప్రహ్లాద్, ఆబిడ్స్‌లో ఒక మందుల దుకాణంలో సేల్స్‌మన్. విన్నది శశికళ. తలనొప్పి బిళ్ళకోసం చెయ్యి చాచి నిలబడ్డ మనిషికి అంతకన్నా తలనొప్పి మాట ఇంకొకటి ఉండదు.

"ఎందుకివ్వరు?"

"రోజు ఒచ్చి గివ్వే తీస్కపోతున్నరు. కడుపు ఖరాబైతది. మీకు బీమారి ఏం లేదు మేడం. ఏందో రంది పెట్టుకున్నట్టున్నరు."

శశికళ ముఖం ఎర్రబడింది. "రంధా? నాకా? ఎవరి మీదండీ?"

"ఎవరి మీదనో నాకెట్ల తెలుస్తది? మీ రంది మీకే తెల్వాలె."

దుకాణంలో ఉన్నవాళ్ళంతా అటు తిరిగారు. "మర్యాదగా మాట్లాడడం నేర్చుకోండి!" అని ఒక్క అరుపు అరిచి, శశికళ విసవిసా మెట్లు దిగిపోయింది.

శశికళది తెనాలి. అక్కడ రంధి అంటే ఒకటే ధ్యాస. వయసులో ఉన్న పిల్లని పట్టుకుని ఆ మాటంటే ఎవడి మీదో మనసు పారేసుకుని తిరుగుతోందనే అర్థం. రాష్ట్రాలు కలిసి కొన్నేళ్ళయింది గానీ మాటలింకా పూర్తిగా కలవలేదు. అయినా మనసు పారేసుకోడానికి మనిషంటూ ఉండాలి కదా! ఈ హైదరాబాదులో ఆమెకి ఎవరున్నారు గనక?

ఆమె ట్రంకు ఎక్స్ఛేంజ్‌లో టెలిఫోన్ ఆపరేటరు. హెడ్‌ఫోను పెట్టుకుని కూర్చుంటే ఊళ్ళన్నీ చెవిలోకి వచ్చి అరుస్తాయి. బెజవాడ కావాలని ఒకరు, బొంబాయి ఇంకా రాలేదేమని ఒకరు. ఎంత తిట్టినా గొంతు వణకకూడదు. "దయచేసి లైన్లో ఉండండి" అని తియ్యగా అనాలి. పగలంతా మింగిన తిట్లు సాయంత్రానికి ఎక్కడికి పోతాయి? తలకెక్కి కూర్చుంటాయి.

గదికి వచ్చినా చెవుల్లో గంటలు మోగుతూనే ఉండేవి. అన్నం సహించేది కాదు. పడుకుంటే గుండె దడదడలాడేది. మొన్న పొరపాటున ఎవరో మాట్లాడుతుండగానే లైను తీసేసింది. ఇంకోసారి జరిగితే ఉద్యోగం ఉండదని సూపర్‌వైజరమ్మ చెప్పేసింది. అప్పటినుంచి తప్పు చేస్తానేమోనన్న భయంతో చేతులు వణుకుతున్నాయి, వణికితే మళ్ళీ తప్పే.

ఉద్యోగం మానేసి ఊరెళితే నాన్న ఏమీ అనడు. "నేను ముందే చెప్పానుగా" అంటాడు, అంతే. ఆ ఒక్క మాటా పడలేకే ఆమె ఇక్కడ పళ్ళు బిగించుకుని ఉంది. ఊరందరి మాటలూ కలిపే పిల్లకి మాట్లాడుకోడానికి ఒక్క మనిషి లేకపోవడం ఎంత అన్యాయం!

నాంపల్లిలో ఆమె కిరాయికుంటున్న ఇల్లు జంగమ్మది. ఆ సాయంత్రం జంగమ్మ గుమ్మంలోనే ఆపేసింది.

"ఏందమ్మా, మొఖం గట్ల మాడ్చుకోని ఒస్తున్నవ్?"

శశికళ ఉక్రోషమంతా వెళ్ళగక్కింది. జంగమ్మ నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఓ పిచ్చి బిడ్డా! రందంటే మనాది, దిగులు. నువ్వు దిగులుతోని ఉన్నవన్నడు గా పిలగాడు. తప్పేమున్నది? నేను గూడ గదే అడుగుదామనుకున్న. పోతవు, ఒస్తవు, తలుపేస్కుంటవు. ఎట్లడగాలె నిన్ను?"

శశికళ గుమ్మంలోనే చతికిలబడింది. ఈ ఊళ్ళో తన దిగులు కనిపెట్టి నోరు తెరిచి చెప్పినవాడు అతనొక్కడే. అతన్నే నలుగురిలో కడిగేసి వచ్చింది.

మర్నాడు డ్యూటీ దిగగానే దుకాణానికి వెళ్ళింది. ఆమెని చూస్తూనే ప్రహ్లాద్ బిళ్ళల పొట్లం ముందుకు తోశాడు.

"తీస్కోండ్రి మేడం. మల్ల కోపం జెయ్యకుండ్రి."

"బిళ్ళలు వద్దు. నిన్న అరిచినందుకు ఏమీ అనుకోకండి. మా వైపు రంధి అంటే వేరు."

"ఏందది?"

"అదే... ఒకరి మీదే ధ్యాస."

"తోబ తోబ! నేను గట్లెందుకంట మేడం?" ప్రహ్లాద్ గబగబా చెంపలు వాయించుకున్నాడు. ఎన్నాళ్ళ తర్వాతో శశికళ నవ్వింది.

ఆ సాయంత్రం అతను నాంపల్లి దాకా తోడు నడిచాడు. మర్నాడూ నడిచాడు. అతని ఇల్లు గౌలిగూడలో. ఆబిడ్స్ నుంచి గౌలిగూడ వెళ్ళేవాడికి నాంపల్లి ఏ లెక్కన దారిలో పడుతుందో మీరే చెప్పాలి! అడిగితే "నడిస్తే మంచిగ నిద్రొస్తది" అనేవాడు.

"ఇయ్యాల ఎవరెవరు తిట్టిన్రు?" అని మొదలుపెట్టేవాడు. ఆమె ఒక్కొక్కరి గొంతూ అనుకరించి చూపేది. అతను పడీపడీ నవ్వేవాడు. ఇల్లు చేరేసరికి తల సగం తేలికయ్యేది.

కానీ చేతుల వణుకు తగ్గలేదు. ఒకరోజు మళ్ళీ లైను తెగబోయి, వెంట్రుకవాసిలో తప్పింది. ఆ సాయంత్రం వాన పట్టుకుంటే ఇద్దరూ పబ్లిక్ గార్డెన్‌లో ఒక మంటపం కింద నిలబడ్డారు.

"రేపు రాజీనామా ఇచ్చేస్తాను. ఊరికి వెళ్ళిపోతాను" అంది శశికళ.

ఎప్పుడూ గలగలలాడే మనిషి వానకేసి చూస్తూ ఊరుకున్నాడు.

"ఏమీ అనరేం?"

"ఏమనాలె? పోతె మీ పానం నిమ్మలమైతదేమో."

"మరి సాయంత్రాలు మీరు ఎవరితో మాట్లాడతారు?"

ప్రహ్లాద్ చూరు నీళ్ళకి చెయ్యి చాపాడు. "అమ్మ సచ్చిపోయినంక ఇంట్ల నేనొక్కన్నే. దుకాన్ల పొద్దంత నవ్వుకుంట మాట్లాడుత. ఇంటికి పోయి తాళం తీస్తె, తిన్నవా అని అడిగేటోల్లు లేరు."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"మీరే పరేషాన్ల ఉన్నరు. నాది గూడ మీ నెత్తిన ఎందుకు?" ఆమెకేసి చూడకుండా అన్నాడు. "మీరు పోతె నాకు మా దిక్కు రంది. మీరుంటె మీ దిక్కు రంధి. రెండు దిక్కుల నేనే దొరికిన మేడం."

శశికళ నవ్వబోయింది. నవ్వు రాలేదు, ఏడుపు వచ్చింది. ఉద్యోగంలో చేరిన నాటినుంచి ఆపుకున్నదంతా ఒక్కసారి తోసుకొచ్చింది.

"అయ్యో, ఏడ్వకుండ్రి! అందరు చూస్తున్నరు."

"చూడనివ్వండి" అంది వణికే గొంతుతోనే. తనివితీరా ఏడ్చి, పమిటతో ముఖం తుడుచుకుంది. "రేపు సూపర్‌వైజరమ్మని కలుస్తాను."

అతని మొహం వాడిపోయింది. "రాజీనామా ఇయ్యనీకెనా?"

"కాదు. చేతులు వణుకుతున్నాయి, భయంగా ఉంది, కొన్నాళ్ళు లైన్లు కలిపే పని కాకుండా, కాల్స్ రాసుకునే బుకింగ్ బల్ల దగ్గర వెయ్యమని అడుగుతాను. ఇన్నాళ్ళూ దాచుకునే ఇంతదాకా తెచ్చుకున్నాను."

"ఆమె కాదంటె?"

"కాదంటే సాయంత్రం వచ్చి మీకు చెప్తాను" అంది శశికళ.