ఇరవై అయిదు డిగ్రీల గది

ఆ అమ్మాయి అతనితో అన్న మొట్టమొదటి మాట, "చెప్పులు."

మొక్కల గదిలో ఏసీ బాగుచేయడానికి వచ్చిన మెకానిక్ ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి ఆగిపోయాడు. చెప్పులు విప్పాక చేతులు కడుక్కోమంది. కడుక్కున్నాక తలకి టోపీ పెట్టుకోమంది. ఆపరేషన్ ఎవరికండీ అని అడిగాడతను. చిక్కుడు మొక్కలకని చెప్పి, నవ్వకుండా తన బల్ల దగ్గరికి వెళ్లిపోయింది.

అది మొక్కల మీద పరిశోధన చేసే పెద్ద సంస్థ. ఆమె అక్కడ ఆకుల మీద పరిశోధిస్తోంది. అతను పని చేస్తున్న రెండు గంటల్లో నాలుగుసార్లు తలుపు అద్దంలోంచి తొంగిచూసింది. చూసింది మొక్కలనేనని అతనికీ తెలుసు. తెలిసినా ఏం లాభం? నాలుగో చూపుకి గ్యాస్ పైపు జాయింటు గట్టిగా బిగించడం మర్చిపోయాడు. తలుపు మీద గది వేడి చూపించే చిన్న తెరని టెస్ట్ మోడ్‌లోంచి తీయడమూ మర్చిపోయాడు. తెర మీద 25 అనే అంకె ఫొటోలా నిలిచిపోయింది.

ఆ తర్వాత వరండాలోని ఏసీకి ఎక్కడలేని జబ్బులూ వచ్చాయి. అది సరిగ్గా ఆమె బల్ల పక్కనే ఉండేది. రోజు విడిచి రోజు వచ్చి అతను దాని ఫిల్టర్ తుడిచేవాడు. ఫిల్టర్ అరిగిపోతుందేమోనని ఆమెకే జాలేసి, మాటల్లోకి దిగింది.

ఎండలో పెరిగే ఆకు చిన్నగా, మందంగా ఉంటుందనీ, నీడలో ఆకు ఉన్న కాస్త వెలుతురూ దొరకబుచ్చుకోవడానికి పల్చగా, వెడల్పుగా పరుచుకుంటుందనీ చెప్పింది. ఆకు లోపల పచ్చటి రేణువులుంటాయట. వెలుతురు మరీ ఎక్కువైతే అవి పక్క గోడలకి జరిగి దాక్కుంటాయట.

"మేనేజర్ వస్తే మా ఆఫీసులో మేమూ అంతే మేడమ్," అన్నాడు అతను.

ఆమె మొదటిసారి నవ్వింది. ఆ రోజు ఫిల్టర్ రెండుసార్లు తుడిచాడు.

ఆమె అసలు బాధ వేరే. వేడి ఒక్కసారిగా మీద పడితే ఆకు తన తిండి తాను వండుకోలేక చతికిలబడుతుంది. అదే మెల్లగా, రోజుకింత చొప్పున పెరిగితే తట్టుకోవడం నేర్చుకుంటుందనీ, ఈ రకం చిక్కుడు మీద అది పరీక్షించాలనీ ఆమె ఏడాదిగా అడుగుతోంది. ఆమె పని చూసే ప్రొఫెసర్ ఒప్పుకోలేదు. ఆయన పథకం సులువైనది. ఒక గది ఇరవై అయిదు దగ్గర ఉంచడం, రెండో గదిని ఒకే రోజులో నలభైకి లేపడం. చూడ్డానికి వచ్చే కమిటీకి ఎండిన మొక్కలు బాగా కనిపిస్తాయని ఆయన ఉద్దేశం.

కమిటీ వస్తోందని తెలిశాక సంస్థలో పరిశోధన ఆగిపోయి సున్నం వేయడం మొదలైంది. ఆమెను రెండు వారాలు స్లైడ్ల తయారీకి కూర్చోబెట్టారు. మొక్కలకి నీళ్లు గొట్టాలే పోస్తాయి గనక తలుపు తీయొద్దన్నారు. రోజూ వచ్చి తెర మీది అంకె చూసి, 25 అని పుస్తకంలో రాసుకుని వెళ్లేది. పద్నాలుగు రోజులు, పద్నాలుగు ఇరవై అయిదులు.

కమిటీ వచ్చిన ఉదయం మొదట నలభై డిగ్రీల గది తెరిచారు. ముందురోజే వేడి పెంచిన ఆ గదిలో ఆకులు అప్పడాల్లా ఉన్నాయి. అందరూ తృప్తిగా తలలూపారు. తర్వాత ఇరవై అయిదు డిగ్రీల గది తలుపు తీశారు. లోపలినుంచి వేడిగాలి గుప్పున ముఖాన కొట్టింది. కమిటీ పెద్దాయన కళ్లద్దాలు మసకబారాయి.

లోపల మొక్కలు మాత్రం నిక్షేపంలా ఉన్నాయి. ఆకులు గాలి ఆడేలా పైకి లేచి నిలబడ్డాయి. కొత్తగా వేసిన ఆకులు చిన్నగా, పచ్చగా ఉన్నాయి.

మెకానిక్‌ని పిలిపించారు. తెర చూడగానే అతనికి తన పొరపాటు అర్థమైంది. కరెంటు హెచ్చుతగ్గుల వల్ల సార్ అని నోటికొచ్చింది చెప్పేశాడు. ప్రొఫెసర్‌కి ఆ సంజాయిషీ అక్కర్లేకపోయింది. ఆయన అప్పటికే కమిటీవైపు తిరిగి, మెల్లగా వేడి పెంచి మొక్కకి శిక్షణ ఇవ్వడం తన చిరకాల స్వప్నమని సెలవిస్తున్నాడు. చప్పట్లు కొట్టారు.

ఆ సాయంత్రం ప్రొఫెసర్ నివేదికలో రోజుకో డిగ్రీ చొప్పున అంకెలు వేసేయమని ఆమెకి చెప్పాడు. ఎవరు చూడొచ్చారు అన్నాడు.

మర్నాడు ఆమె వరండాలో ఏసీ ముందు కూర్చున్న మెకానిక్ దగ్గరికి వచ్చింది. రాత్రంతా నిద్రపోలేదని ముఖమే చెబుతోంది.

"ఏడాదిగా నేను నమ్మింది నిజమైంది. కానీ ఆ గదిలో ఏ రోజు ఎంత వేడి ఉందో నాకు తెలీదు. దొంగ అంకెలు వేస్తే అది నా పని కాదు, కథ. అసలేం జరిగిందో మీకేమైనా తెలుసా?"

అతనికి తెలుసు. మిషన్ లోపలి చిన్న కార్డులో గంట గంటకీ వేడి ఎంతో నమోదై ఉంటుంది. టెస్ట్ మోడ్ ఎప్పుడు పెట్టారో, ఎవరు పెట్టారో కూడా ఉంటుంది. ఆ కార్డు బయటికొస్తే తన ఉద్యోగం ఊడుతుంది. తెలీదు మేడమ్ అంటే చాలు, ఆమె వెళ్లిపోతుంది.

అతను లేచి, ఆ గదికి వెళ్లి, కార్డు తీసుకొచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"కరెంటు కాదు మేడమ్. జాయింటు సరిగ్గా బిగించలేదు, గ్యాస్ కొద్దికొద్దిగా కారి, ఈ రెండు వారాల్లో చల్లదనం తగ్గుతూ వచ్చింది. తెర నేనే మర్చిపోయాను. నిన్న అబద్ధం చెప్పాను."

ఆమె కార్డుని తన పుస్తకంలో పెట్టుకుంది. ఎందుకు మర్చిపోయారని అడిగింది. ఉద్యోగం ఎలాగూ పోతోంది గనక, అతను ఆ నాలుగు చూపుల సంగతి కూడా చెప్పేశాడు. ఆమె పుస్తకం మూసి వెళ్లిపోయింది.

ఉద్యోగం మూడో రోజున పోయింది. ఆమె అసలు అంకెలతోనే నివేదిక రాసి, పొరపాటు ఎలా జరిగిందో కూడా రాసింది. ప్రొఫెసర్ మండిపడ్డాడు. కార్డులోని అంకెలు తన స్వప్నానికి మరింత అందంగా ఉన్నాయని గ్రహించాక చల్లబడ్డాడు. 'మెకానిక్ పొరపాటు' అన్నచోట మాత్రం 'ఆకస్మిక పర్యావరణ పరిణామం' అని దిద్దాడు.

అతను సొంతంగా ఒక చిన్న రిపేరు షాపు తెరిచాడు. నెల తర్వాత, ఒకరోజు వానలో తడుస్తూ ఆమె లోపలికొచ్చి, ఆ దిద్దుబాటు చదివి వినిపించింది.

"నన్నే అలా అన్నారా?" అన్నాడు.

"నిన్నే," అంది. 'మీరు' పోయి 'నువ్వు' వచ్చినట్టు ఇద్దరూ గమనించి, ఇద్దరూ వాన చూశారు.

ప్రయోగం మళ్లీ మొదటినుంచి, ఈసారి కావాలనే చేయబోతున్నానని చెప్పింది. ఆ నాలుగు చూపుల్లో మూడే మొక్కలకోసమని కూడా చెప్పింది. అతని చేతిలోంచి స్పానర్ జారి కింద పడింది. దాన్ని తీసే తొందర ఎవరికీ లేకపోయింది.

వాన తగ్గకముందే ఆమె అక్కడినుంచే తల్లికి ఫోన్ చేసి అతని సంగతి చెప్పింది. ఆవిడ ముప్పై ఏళ్లు లెక్కల టీచరుగా పని చేసింది. అబ్బాయి ఏం చేస్తాడని అడిగింది. ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేస్తాడని చెప్పింది కూతురు.

"అబద్ధాలు చెప్తాడా?"

"ఒకసారి చెప్పాడమ్మా. ఉద్యోగం పోతుందని తెలిసీ మర్నాడే ఒప్పుకున్నాడు."

 స్పీకర్లో వింటున్న అతను అప్పుడు వంగి స్పానర్ తీశాడు.

"ఆదివారం భోజనానికి రమ్మను," అంది ఆవిడ. "పనిముట్లు మాత్రం తేవద్దని చెప్పు. మన ఫ్రిజ్ సంగతి రెండోసారి వచ్చినప్పుడు చూసుకుందాం. మొదటిసారే పని చెబితే బాగుండదు."