పంటికాపరులు

భీమిలి తీరంలో ఇప్పటి పిల్లలకు టూత్‌బ్రష్ అంటే ఏమిటో తెలియదు. 2074 వచ్చేసరికి పళ్ళు తోముకోవడమనే పనే లేకుండా పోయింది. ఆ పుణ్యమంతా డాక్టర్ నూకరత్నానిదే. ఆవిడ కనిపెట్టిన పంటికాపరులు కంటికి ఆనని సూక్ష్మ రోబోలు. ఒక్క చుక్క నోట్లో వేసుకుంటే చాలు, చిగుళ్ళ అంచున కాపురం పెట్టేస్తాయి. పాచి పట్టగానే తినేస్తాయి. ఉమ్మిలోని కాల్షియం చేరి అది గారగా గట్టిపడే దాకా రానివ్వవు. పాత గారనూ మరకలనూ పొరలు పొరలుగా గీకి పారేస్తాయి. ఇంకేం, పళ్ళ డాక్టర్ల గుమ్మం తొక్కే దిక్కు లేదు.

అంతటి మనిషీ ఆ ఉదయం ల్యాబ్‌లో అక్క పోలమ్మ నోట్లోకి లైటు వేసి చూసి కొయ్యబారిపోయింది. కారం తగిలితే మంటగా ఉందంటే చూసిందంతే. పళ్ళు తళతళలాడుతున్నాయి. అంగిలి మాత్రం తెల్లగా మందమెక్కి, నడుమ పుండు పడింది. తల్లి పోయాక చేపలమ్మి చదివించిన అక్క!

"అప్పా, మళ్ళీ అడ్డపొగా?"

చుట్టను నిప్పున్న కొస లోపల పెట్టుకుని పీల్చడం ఆ తీరంలో ఆడవాళ్ళ పాత అలవాటు. పోలమ్మ తల దించుకుంది.

నూకరత్నం కాపరుల నియంత్రణ యంత్రం వైపు తిరిగింది. "ఈ నోట్లో పొగ మరకలు తుడిచారా?"

"రోజూ తుడిచాం," అంది యంత్రం.

"పుండు కనిపించలేదా?"

"కనిపించింది. నోటి సంగతులు ఎవరికీ చెప్పొద్దని వాడేవాళ్ళు కోరారు. మీరు సరేనన్నారు."

నూకరత్నానికి అక్క మీద ఒళ్ళు మండిపోయింది. "మానేశానని నాకెందుకు అబద్ధం చెప్పావే?"

"అబద్దం కాదే నూకీ. అప్పుట్లో నిజింగానే మానేసినాను. పళ్ళ మీద గార నల్లగా అగుపడితే నువ్వు ఏడ్సి గోల సేస్తావని బయం. మరి నీ కాపరులొచ్చి తెల్లగా సేసేసినాయి గదా. ఇంకెవులు సూస్తార్లే అనుకున్నాను."

నూకరత్నం క్యాన్సర్ ఆస్పత్రికి ఫోన్ చేసింది.

"ఒకే ఇంట్లో ఉంటున్నారు కదా డాక్టరుగారూ," అన్నాడు అవతలి వైద్యుడు అంతా విని. "ఇవాళ కాక ఆమె నోరు చివరిసారి ఎప్పుడు చూశారు?"

"కాపరులొచ్చాక ఒక్కసారీ చూడలేదండీ. ఇక ఎవరూ చూడక్కర్లేదని ఊరూరా చెప్పింది నేనే."